సున్నం కింద సెగ

2025 మే 18, ఆదివారం. చార్మినార్ నీడన గుల్జార్ హౌజ్ చౌరస్తా. కింద నగల దుకాణాలు, పైన కాపురం ఉండే పాతకాలపు ఇల్లు. ముత్యాల వ్యాపారం చేసే ఉమ్మడి కుటుంబం తరాలుగా అక్కడే ఉంటోంది. ఎండాకాలం సెలవులు కావడంతో ఇల్లు చుట్టాలతో, పిల్లలతో నిండి ఉంది. మే నెల ఉక్కపోతకు ఏసీలు తిరుగుతున్నాయి. పొద్దున్నే దుకాణాలు తెరిచే పని లేదు కాబట్టి ఇంట్లో చాలామంది ఇంకా నిద్రలోనే ఉన్నారు.

మంట కింది అంతస్తులో పుట్టింది. ఎంతసేపు లోలోపల రాజుకుందో చెప్పే సాక్షి లేడు. దుకాణం లోపలి చెక్క పని అంటుకుంది, పొగ మెట్ల మీదుగా పైకెక్కింది. ఆ ఇంట్లోకి వెళ్లాలంటే రెండు మీటర్ల వెడల్పున్న సొరంగం లాంటి దారి ఒక్కటే. దాని తర్వాత మీటరు వెడల్పు మెట్లు. పైనున్నవాళ్లు దిగిరావాల్సిన దారీ అదే, పొగ ఎక్కుతున్న దారీ అదే.

6 గంటల 16 నిమిషాలకు అగ్నిమాపక శాఖకు ఫోన్ వెళ్లింది. మొగల్‌పురా ఫైర్ స్టేషన్ నుంచి బండి బయల్దేరింది. ఈలోగా చుట్టుపక్కల గాజుల దుకాణాల కుర్రాళ్లు పరిగెత్తుకొచ్చారు. కింద షట్టర్ల నుంచి మంట కొడుతుంటే పక్కింటి వైపు నుంచి గోడ పగలగొట్టుకుని లోపలికి దూరారు. గదుల్లో పొగ తప్ప ఏమీ కనిపించలేదు. ఒక తల్లి పిల్లలను పొదివి పట్టుకుని అలాగే ఉండిపోయిందని బయటికి వచ్చాక వాళ్లు ఏడుస్తూ చెప్పారు.

11 బండ్లు, 70 మంది సిబ్బంది. రెండు గంటల పోరాటం. చివరికి 17 మంది చనిపోయారు. అందులో 8 మంది పిల్లలు. అందరిలోకీ పెద్దవాళ్లకు 70 ఏళ్లు, అందరిలోకీ చిన్నవాడికి ఏడాదిన్నర. ఆ ఎనిమిది మంది పిల్లల్లో ఒక్కరికీ ఎనిమిదేళ్లు నిండలేదు. చాలామంది ఒంటి మీద కాలిన గాయం లేదు. పొగే ప్రాణం తీసింది.

షార్ట్ సర్క్యూటే కారణమని ప్రాథమికంగా తేలినట్టు అప్పటి అగ్నిమాపక శాఖ డైరెక్టర్ జనరల్ వై. నాగిరెడ్డి చెప్పారు. కేంద్రం మృతుల కుటుంబాలకు 2 లక్షల చొప్పున, రాష్ట్రం 5 లక్షల చొప్పున పరిహారం ప్రకటించాయి. విచారణ కమిటీ వేశారు. మనం టీవీ చూసి అయ్యో అనుకున్నాం. షార్ట్ సర్క్యూట్ అనగానే అక్కడితో ఆగిపోవడం మనకు అలవాటు, పిడుగు పడిందన్నట్టు. ఆ తీగ వయసెంత, దాని మీద ఎంత బరువు మోపారు, చివరిసారి ఎవరు విప్పి చూశారు అని అడిగేవాళ్లు తక్కువ.

ఆ ఇంటి గోడల్లో ఏ తీగ ఉందో నేను చూడలేదు, దాని మీద తీర్పు చెప్పను. అయితే అలాంటి ఇళ్లు చార్మినార్ చుట్టే ఉన్నాయనుకుంటే పొరపాటు. నర్సాపూర్ రోడ్డు మీద దుండిగల్ దాటి వచ్చే గుమ్మడిదలలో ఒక పాతింటి వైరింగ్ మార్చడం దగ్గరుండి చూశాక నాకు గుల్జార్ హౌజ్ చాలా దూరంగా అనిపించలేదు.

గుమ్మడిదల 2016లో మండలమైంది, అంతకు ముందు జిన్నారం మండలంలో ఊరు. బొంతపల్లి వీరభద్రస్వామి జాతరకు పోయే దారిలో ఒకప్పుడు పొలాలే. ఇప్పుడు బొంతపల్లి, గడ్డపోతారం వైపు మందుల కంపెనీలు, రసాయన ఫ్యాక్టరీలు. వాటితో పాటు ఊళ్లో కిరాయి గదులు పెరిగాయి. పెంకుటిల్లు పక్కన స్లాబ్ గది, స్లాబ్ మీద రేకుల గది, ఒక్కో గదిలో బీహార్ నుంచో ఒడిశా నుంచో వచ్చిన ముగ్గురు నలుగురు. కరెంటు మాత్రం ఆ పాత మీటరు నుంచే, ఆ పాత తీగ మీదనే.

మేం వెళ్లిన ఇల్లు ముప్పై ఏళ్ల కిందట కట్టింది. అప్పుడు ఆ ఇంట్లో రెండు బల్బులు, ఒక ఫ్యాను, ఒక టీవీ. ఇప్పుడు ఫ్రిజ్, గ్రైండర్, గీజర్, బోరు మోటారు, మొన్న మొన్ననే కొడుకు పెట్టించిన ఏసీ. ప్రతి దసరాకూ గోడలకు రంగు పడింది. గోడల లోపల తీగ జోలికి ఒక్కసారీ పోలేదు.

ఎలక్ట్రీషియన్ మెయిన్ బంద్ చేసి, టెస్టర్ పెట్టి చూసుకుని, చెక్క బోర్డు విప్పాడు. పింగాణీ ఫ్యూజు చేతిలోకి తీసుకుని ఒక్క నిమిషం మాట్లాడలేదు. తర్వాత ఆ ఇంటి పెద్దమ్మను అడిగాడు.

"గిదేంది పెద్దమ్మా, ఫ్యూజుల ఇంత మందం తీగ ఎవలు వెట్టిన్రు?"

"ఏసీ ఏసినంక మాటిమాటికి కొట్టుకపోతుండె బిడ్డా. మీ పెదనాయిన మోటరు తీగ ముక్క చుట్టిండు. అప్పటి సంది మల్ల పోలే."

"ఫ్యూజు పోతలేదంటే మంచిగున్నట్టు గాదు పెద్దమ్మా. గది పోవాలె. గది పోకుంటే గోడల తీగ పోతది."

ఆ కుర్రాడు చెప్పినంత సూటిగా ఏ ఇంజినీరింగ్ పుస్తకం చెప్పదు. ఫ్యూజు తీగ సన్నగా ఉండేది ముందు తాను తెగిపోవడానికే. దాన్ని బలపరిచామంటే గోడలో ఉన్న తీగను బలిపెట్టామన్నమాట. తీగలో కరెంటు రెండింతలైతే పుట్టే వేడి నాలుగింతలు, మూడింతలైతే తొమ్మిదింతలు. 2 కిలోవాట్ల గీజర్ ఒక్కటే దాదాపు 9 ఆంపియర్లు గుంజుతుంది. ఫ్యాను కోసం వేసిన తీగ దానికి ఎన్నాళ్లు ఓర్చుకుంటుంది? మామూలు పీవీసీ తొడుగు 70 డిగ్రీల వేడి దాకా తట్టుకునేలా చేసింది. అది దాటిందంటే మెత్తబడుతుంది, ఆరిపోతుంది, పెళుసు బారుతుంది. ఇది ఒక్క రోజులో జరిగేది కాదు. ఏటా ఎండాకాలం కొంత, ఇంకో ఎండాకాలం కొంత. ఒక రాత్రి మాత్రం ఆఖరిది అవుతుంది.

బోర్డు వెనక నుంచి తీగ బయటికి లాగితే అది అల్యూమినియం. రాగి దొరకడం కష్టమై, ధర ఎక్కువై మన దేశంలో చాలా ఇళ్లకు ఒకప్పుడు అల్యూమినియం తీగే వేశారు. అమెరికాలోనూ 1960ల చివర, 70ల మొదట్లో కట్టిన ఇళ్లలో ఇదే జరిగింది, తర్వాత జాయింట్ల దగ్గర మంటలు లేవడంతో అక్కడ పెద్ద గొడవే అయింది. అల్యూమినియం వేడికి సాగుతుంది, చల్లబడి కుంచించుకుంటుంది, స్క్రూ కింద వదులవుతుంది. పైన బూజు లాంటి తెల్లటి పొర కడుతుంది, ఆ పొర కరెంటును సరిగా పోనివ్వదు. వదులైన చోట నిప్పురవ్వ పుడుతుంది. ఈ ఇంట్లో ఏసీ కోసం వేసిన కొత్త రాగి తీగను తెచ్చి ఆ పాత అల్యూమినియానికి మెలేసి, నల్ల టేపు చుట్టారు. టేపు ఊడదీస్తే పెంకులా చేతికి వచ్చింది. లోపల రెండు అంగుళాల మేర తొడుగు గోధుమ రంగుకు మారి, గోరు తగలగానే పొడిపొడిగా రాలింది.

పెద్దమ్మ దాన్ని చేతిలోకి తీసుకుని చూసింది. "గీ గోడకే మా మనుమరాలి మంచం ఏసినం" అంది.

పని ఎలా జరిగిందో కొంచెం చెప్పాలి, ఎందుకంటే ఎలక్ట్రీషియన్‌తో మాట్లాడేటప్పుడు ఏం అడగాలో చాలామందికి తెలియదు. పాత తీగను ముక్కలు ముక్కలుగా మార్చలేదు. మీటరు నుంచి లోపలికి వచ్చే తీగతో మొదలుపెట్టి మొత్తం పీకేశారు. పైపు బాగున్న చోట స్ప్రింగ్ దూర్చి కొత్త తీగ లాగారు, లేని చోట గోడకు గాడి కొట్టి పైపు వేశారు. లైట్లకు, ఫ్యాన్లకు 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, పెద్ద ప్లగ్గులకు 2.5, ఏసీకి, గీజర్‌కు విడివిడిగా 4. తీగ కట్ట మీద ఐఎస్ఐ గుర్తు చూసి, మంటను పాకనివ్వని, పొగ తక్కువ వదిలే ఎఫ్ఆర్ఎల్ఎస్ రకం తెప్పించారు. పీవీసీ కాలితే వచ్చే పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, ఊపిరితిత్తులను కాల్చే ఆమ్లపు వాయువూ ఉంటుంది. గుల్జార్ హౌజ్ తెలిశాక ఈ రకానికి పెట్టే అదనపు డబ్బు దండగ అని అనలేం.

పింగాణీ ఫ్యూజుల చోట ఎంసీబీలు వచ్చాయి. వాటికి ముందు ఆర్‌సీసీబీ. ఈ రెండూ ఒకటే అని షాపువాడు కూడా ఒక్కోసారి చెబుతాడు, నమ్మొద్దు. లోడు ఎక్కువైతే, షార్ట్ అయితే ఆపేది ఎంసీబీ. మనిషి ఒంట్లోంచో తడి గోడలోంచో కరెంటు భూమిలోకి కారుతుంటే పసిగట్టి ఆపేది ఆర్‌సీసీబీ, ఇళ్లకు 30 మిల్లీ ఆంపియర్లది వేస్తారు. రెండూ కావాలి. ఎర్తింగ్ అయితే ఆ ఇంటికి అసలు లేదు. మూడు రంధ్రాల ప్లగ్గు ఉంది, మూడో రంధ్రం వెనక తీగ లేదు. పెరట్లో గొయ్యి తీసి కొత్తగా ఎర్త్ దింపారు.

చివరగా మెగ్గర్ పెట్టారు. 500 వోల్టుల ఒత్తిడి పెట్టి తీగ తొడుగు ఎంత గట్టిగా ఉందో కొలిచే సాధనం అది. కనీసం 1 మెగా ఓమ్ అయినా చూపించాలి. మన దగ్గర పది మంది ఎలక్ట్రీషియన్లను పిలిస్తే ఎందరి సంచిలో మెగ్గర్ ఉంటుందో అని నాకు అనుమానమే. బల్బు వెలిగితే పని అయిపోయినట్టే మనకు.

నాకు కోపం వచ్చేది కిరాయి గదుల విషయంలో. మీటరు దాకా బాధ్యత కరెంటు సంస్థది, మీటరు దాటాక ఇంటి యజమానిది. బిల్లు మీద 1 కిలోవాట్ లోడు అని ఉంటుంది, దాని కింద అయిదు గదుల్లో అయిదు కరెంటు పొయ్యిలు వెలుగుతుంటాయి. ఫ్యూజు ఎగిరితే కిరాయిదారును తిట్టి, మందం తీగ చుట్టేది యజమానే. ఇంగ్లండ్‌లో 2020లో చేసిన నిబంధనల ప్రకారం అద్దెకిచ్చే ఇంటి వైరింగ్‌ను అయిదేళ్లకోసారి అర్హత ఉన్నవాళ్లతో తనిఖీ చేయించి, ఆ కాగితం కిరాయిదారు చేతికి ఇవ్వాలి. ఇక్కడ అలాంటి కాగితం అడిగిన కిరాయిదారుకు మర్నాడు గది దొరకదు. ఫ్యాక్టరీలో ప్రమాదం జరిగితే తనిఖీ అధికారులు వస్తారు. అదే ఫ్యాక్టరీ కార్మికుడు పడుకునే గదికి ఎవరూ రారు.

ఇల్లు కట్టి పాతికేళ్లు దాటితే ఏసీ కొనకముందే మెయిన్ బోర్డు విప్పించండి. ప్రభుత్వ లైసెన్సు ఉన్న కాంట్రాక్టరునే పిలవండి, మెగ్గర్ తెమ్మని ముందే చెప్పండి. స్విచ్ వేడెక్కుతున్నా, ప్లగ్గు దగ్గర నల్లబడినా, కాలిన వాసన వచ్చినా మర్నాటికి వాయిదా వేయకండి. కరెంటు సంస్థకు దరఖాస్తు పెట్టుకుని బిల్లు మీది లోడు సరిచేయించుకోండి. కిరాయి గదులున్నవాళ్లు మీ సొంత ఇంటికన్నా ముందు ఆ గదుల తీగ మార్పించండి.