కళాశాల గడప వద్ద తెలుగు: మద్రాసు పరీక్షలు, వ్యాసరచన వివాదం

గ్రాంథిక వ్యావహారిక వివాదాన్ని సాధారణంగా రచనాశైలికి సంబంధించిన వివాదంగా పరిగణిస్తారు. అయితే అది తీవ్రరూపం దాల్చింది కావ్యరంగంలోనో పత్రికారంగంలోనో కాదు, పరీక్షారంగంలో. విద్యార్థి ఏ తెలుగులో రాస్తే ఉత్తీర్ణుడవుతాడు, ఏ తెలుగులో రాస్తే కళాశాల గడప దాటలేకపోతాడు అన్నదే ఆనాటి అసలు ప్రశ్న. వివాదాన్ని ఈ కోణం నుండి పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

మెట్రిక్యులేషన్: అందరికీ ఒకే కొలమానం

1854 నాటి వుడ్ విద్యాపత్రం ఫలితంగా 1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసు విశ్వవిద్యాలయాలు ఏర్పడ్డాయి. లండన్ విశ్వవిద్యాలయం నమూనాగా ఏర్పడిన ఈ సంస్థలు తొలిదశలో బోధించేవి కావు, పరీక్షించి పట్టాలిచ్చేవి. వాటి ముఖద్వారం మెట్రిక్యులేషన్ పరీక్ష. గంజాం విద్యార్థికీ తిరునల్వేలి విద్యార్థికీ ఒకే ప్రశ్నపత్రం. ఇంగ్లీషు తప్పనిసరి, తెలుగు వంటి దేశభాషలకు దక్కింది రెండవ స్థానమే.

ఒకే ప్రశ్నపత్రం ఉన్నచోట దిద్దడానికీ ఒకే ప్రమాణం కావాలి. తెలుగుకు అటువంటి ప్రమాణం అప్పటికే సిద్ధమవుతూ ఉంది. చిన్నయసూరి నీతిచంద్రిక 1853లో, బాలవ్యాకరణం 1858లో వెలువడ్డాయి. మొదటిది గద్యరచనకు నమూనాగానూ, రెండవది తప్పొప్పులకు గీటురాయిగానూ విద్యారంగంలో స్థిరపడ్డాయి. వ్యాకరణానికి లభించిన ఈ అధికారంలో పరీక్షల పాత్రను విస్మరించలేము.

వ్యావహారిక వాదానికి నాయకులైన ఇద్దరూ ఈ పరీక్ష గడప దాటినవారే. విజయనగరంలో చదివిన గిడుగు రామమూర్తి 1879లో, గురజాడ అప్పారావు 1882లో మెట్రిక్యులేషన్ పూర్తిచేశారు. గిడుగు 1880లోనే పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా చేరవలసి వచ్చింది; ఎఫ్.ఏ. పరీక్షలో ప్రైవేటుగా చదివి 1886లో ఉత్తీర్ణుడయ్యారు. గురజాడ విజయనగరం మహారాజా కళాశాలలో అధ్యాపకుడుగా పనిచేశారు. పరీక్ష బరువును అభ్యర్థులుగానూ అధ్యాపకులుగానూ ఎరిగినవారి నుండి ఈ ఉద్యమం పుట్టడం యాదృచ్ఛికం కాదు.

వ్యాసరచన తెచ్చిన చిక్కు

1904 నాటి విశ్వవిద్యాలయాల చట్టం తరువాత పరీక్షావిధానం మారింది. మెట్రిక్యులేషన్ స్థానంలో స్కూలు ఫైనల్, ఎఫ్.ఏ. స్థానంలో ఇంటర్మీడియట్ వచ్చాయి. దేశభాషలో వ్యాసరచనకు కొత్త ప్రాధాన్యం ఏర్పడింది. అంతవరకు పద్యానికి ప్రతిపదార్థం, తాత్పర్యం రాస్తే చాలు. ఇప్పుడు విద్యార్థి తన ఆలోచనను తన వాక్యంలో చెప్పాలి. ఆ వాక్యం ఏ భాషలో ఉండాలన్న ప్రశ్న అప్పుడు తలెత్తింది.

ఇంట్లో ‘వచ్చాడు’, ‘చేస్తున్నాడు’, ‘వెళ్లాలి’ అనే బాలుడు పరీక్షలో ‘వచ్చెను’, ‘చేయుచున్నాఁడు’, ‘వెళ్ళవలెను’ అని రాయాలి. అరసున్న ఎక్కడ, బండి ఱ ఎక్కడ, ద్రుతానికి సంధి ఎక్కడ అన్నవి తెలియాలి. విషయజ్ఞానం ఉండీ ఈ నియమాలు పట్టుబడనివాడు వెనుకబడే ప్రమాదం ఉంది. సంస్కృతాంధ్ర పాండిత్యం ఉన్న ఇంట పుట్టిన విద్యార్థికి ఇది కొంత సులభం; ఇంట్లో మొదటిసారిగా బడికి వెళ్లినవాడికి ఇది మరో భాష నేర్చుకోవడమే.

ఉత్తర సర్కారులలో పాఠశాలల పరీక్షాధికారిగా వచ్చిన జె.ఎ. యేట్స్, విశాఖపట్నంలోని ఎ.వి.ఎన్. కళాశాల ప్రిన్సిపాల్ పి.టి. శ్రీనివాస అయ్యంగార్, గిడుగు, గురజాడ ఈ అంతరాన్ని చర్చకు తెచ్చారు. ప్రతిగా 1911లో మద్రాసులో ఆంధ్ర సాహిత్య పరిషత్తు ఏర్పడింది. 1913లో జయంతి రామయ్య గ్రాంథిక పక్షాన, గిడుగు ఆధునిక భాష పక్షాన తమ వాదాలను ఇంగ్లీషులో గ్రంథరూపంలో ప్రకటించారు. తెలుగు ఎలా ఉండాలన్న వాదం ఇంగ్లీషులో జరగడానికి కారణం స్పష్టమే: తీర్పు చెప్పవలసినవారు విశ్వవిద్యాలయాధికారులు.

వికల్పం, దాని పతనం

1912–13లో స్కూలు ఫైనల్ వ్యాసాన్ని గ్రాంథికంలో గానీ ఆధునిక భాషలో గానీ రాయవచ్చునన్న అనుమతి లభించింది. అది రెండు మూడేళ్లు కూడా నిలవలేదు. పండితుల నిరసనలు వెల్లువెత్తాయి. ఇంటర్మీడియట్ వ్యాసరచన విషయమై విశ్వవిద్యాలయం నియమించిన ఉపసంఘంలో గ్రాంథిక పక్షానిదే పైచేయి అయింది. 1914లో గురజాడ తన అసమ్మతి పత్రాన్ని సమర్పించారు. స్కూలు ఫైనల్లో ఇచ్చిన స్వేచ్ఛ కూడా రద్దయింది. మరుసటి సంవత్సరమే గురజాడ మరణించారు.

ఈ పరాజయాన్ని పండితుల ఛాందసానికి మాత్రమే ఆపాదించడం సరికాదు. జిల్లాకొక తీరుగా, కులానికొక తీరుగా ఉన్న వాడుకలో దేనిని ప్రమాణంగా స్వీకరించాలన్నది గ్రాంథికవాదుల ప్రశ్న. పరీక్షకుని దృష్టిలో అది న్యాయమైన ప్రశ్నే. గిడుగు సమాధానం శిష్టవ్యావహారికం. గ్రాంథికానికి నిలకడ ఉందన్న వాదాన్ని ఆయన అంగీకరించలేదు. పండితులు సైతం తాము చెప్పే నియమాలను పాటించలేకపోతున్నారని 1933 నాటి ‘ఆంధ్రపండిత భిషక్కుల భాషాభేషజం’లో ఉదాహరణలతో నిరూపించారు. గురువులే నిలబడలేని ప్రమాణంతో శిష్యులను కొలవడం అన్యాయమన్నది అందులోని సారాంశంగా గ్రహించవచ్చు.

ముగింపు

కాలక్రమంలో గిడుగు వాదమే గెలిచింది. కాని గ్రాంథికవాదుల ప్రశ్న చావలేదు. పాఠ్యపుస్తకాలలో స్థిరపడిన శిష్టవ్యావహారికం ప్రధానంగా కోస్తా జిల్లాల విద్యావంతుల భాష. ఒకనాడు ‘వచ్చాడు’ అన్న విద్యార్థి నిలిచిన చోటనే తరువాత ‘వచ్చిండు’ అన్న తెలంగాణ విద్యార్థి నిలబడవలసి వచ్చింది. గడప అదే, బయట నిలిచినవారు మారారు.

నేటి ప్రవేశ పరీక్షలు ఈ చిక్కును మరో విధంగా తప్పించాయి. నాలుగు సమాధానాలలో ఒకదానిని గుర్తించే పద్ధతిలో అభ్యర్థి రాయవలసిన వాక్యమే లేదు. వైద్యవిద్యా ప్రవేశానికి జరిగే నీట్ 2017 నుండి తెలుగులోనూ ఉంది. అయితే అనువాదంలో సందేహం వస్తే ఇంగ్లీషు పాఠమే ప్రమాణం. తెలుగు ప్రశ్నపత్రంలోకి వచ్చింది గానీ ప్రమాణస్థానంలోకి రాలేదు. 1914లో కనీసం ఏ తెలుగు అన్న విషయమై వాదించుకున్నారు. ఆ వాదానికే తావు లేకుండా పోవడాన్ని పరిష్కారమనగలమా అన్నది భాషాచరిత్ర విద్యార్థులు ఆలోచించవలసిన విషయం.