ఆంగ్ల క్రియలు - ప్రిపొజిషన్లు

ఆంగ్ల భాషలో అనేక క్రియల వెంట ఒక నిర్ణీతమైన ప్రిపొజిషన్ వస్తుంది. ఫర్, టు, విత్, ఆఫ్ వంటి చిన్న పదాలను ప్రిపొజిషన్లు అంటారు. తెలుగులో దాదాపు ఇదే పనిని విభక్తి ప్రత్యయాలు చేస్తాయి. కాని ఫలానా ప్రత్యయానికి ఫలానా ప్రిపొజిషన్ సమానమని లెక్క కట్టడం కుదరదు. తెలుగువారు వ్రాసే ఆంగ్లంలో ఈ తరహా తప్పులు తరచుగా కనిపిస్తాయి.

"బస్సు కోసం ఎదురుచూచు" అన్నప్పుడు "వెయిట్ ఫర్" సరిగ్గా సరిపోతుంది. ఆ ధైర్యంతోనే "సమస్య గురించి చర్చించు" అనడానికి "డిస్కస్ అబౌట్" అని వ్రాస్తారు. ఇది తప్పు. డిస్కస్ అనే క్రియ కర్మను నేరుగా గ్రహిస్తుంది కనుక "డిస్కస్ ద ప్రాబ్లమ్" అనాలి. ఇదే మాట నామవాచకమైనప్పుడు మాత్రం "డిస్కషన్ అబౌట్" ఒప్పే. "రామునితో వివాహం" అనే అర్థంలో "మ్యారీడ్ విత్" అనరాదు, "మ్యారీడ్ టు" అనాలి. గదిలోకి ప్రవేశిస్తే "ఎంటర్ ద రూమ్". ఒప్పందం చేసుకుంటే "ఎంటర్ ఇంటు ఏన్ అగ్రిమెంట్". జాబుకు సమాధానం ఇవ్వడాన్ని "ఆన్సర్ ద లెటర్" అనవచ్చు, "రిప్లై టు ద లెటర్" అనీ అనవచ్చు. అర్థం ఒకటే అయినా మొదటిదానికి టు అక్కరలేదు, రెండవదానికి తప్పనిసరి. దీనికి సూత్రమేదీ లేదు. క్రియను దాని ప్రిపొజిషన్‌తో కలిపి ఒకే పదంగా గుర్తుంచుకోవడమే మార్గం.

'''ఫ్రేజల్ వెర్బులు'''

కొన్ని చోట్ల వెంట వచ్చే చిన్న పదం క్రియ అర్థాన్నే మార్చివేస్తుంది. లుక్ అంటే చూచు. లుక్ ఫర్ అంటే వెతుకు, లుక్ ఆఫ్టర్ అంటే సంరక్షించు, లుక్ ఇంటు అంటే విచారించు. విదేశీయులకు ఇవి ఎంతో కష్టమని శామ్యూల్ జాన్సన్ 1755లో వెలువడిన తన నిఘంటువు పీఠికలోనే పేర్కొన్నాడు. (తెలుగు నేర్చుకునేవారికి పడిపోవు, అయిపోవు, మరచిపోవు కూడా ఇంతే!)

వాయిదా వేయడాన్ని "పుట్ ఆఫ్ ద మీటింగ్" అనీ, "పుట్ ద మీటింగ్ ఆఫ్" అనీ అనవచ్చు. కర్మ సర్వనామమైతే "పుట్ ఇట్ ఆఫ్" ఒక్కటే సరైనది. లుక్ ఆఫ్టర్ వంటివాటిని ఇలా విడదీయరాదు.

భారతదేశంలో కళాశాల చదువు ముగించడాన్ని "పాస్ అవుట్" అంటారు. బ్రిటన్‌లో సైనిక శిక్షణ పూర్తి చేసినవారి విషయంలో ఈ ప్రయోగం ఉంది. మామూలు వాడుకలో మాత్రం అక్కడా, అమెరికాలోనూ దీనికి స్పృహ తప్పడమని అర్థం. విదేశాలకు పంపే ఉద్యోగ దరఖాస్తులో "గ్రాడ్యుయేటెడ్ ఫ్రమ్" అని వ్రాయడం క్షేమం.