కళాపూర్ణోదయమున లింగవ్యత్యయము

నారాయణఖేడు ప్రాంతమునందలి సిర్గాపూరున నొక బడిపంతులుగారు నన్నిట్లడిగిరి: "ఈనాటి కల్పితకథలలో నాయకుడు గతకాలమునకు బోయి, తనవలె లోకమర్యాదకు లోబడని ప్రేమ గలవారిని వెదకుచున్నాడు. మన పూర్వకవుల కాలమునకు వచ్చినచో నాతనికి దోడు దొరకునా? అచ్చటను నేకాకియేనా?" ఈ ప్రశ్న నవ్వి త్రోసివేయదగినది కాదు.

16వ శతాబ్దివాడగు పింగళి సూరన, నంద్యాల కృష్ణరాజునకు గృతియిచ్చిన కళాపూర్ణోదయమును బరిశీలింతము. ఇందు బ్రహ్మ సరస్వతికి జరుగబోవు కథను ముందుగనే చెప్పెను. ఆ కథలోని పేర్లే పిదప భూలోకమున వ్యక్తులైనవి. పాత్రలు పుట్టకముందే వారి చరిత్ర పుట్టినది. కాలమును ముందువెనుకలు చేయుట మన కవులకు గ్రొత్త కాదు.

ఆ కథ ప్రకారము కళాపూర్ణునకు దండ్రి సుముఖాసత్తి, తల్లి మణిస్తంభుడు. ఆడుపేరు తండ్రిది, మగపేరు తల్లిది. మణిమయస్తంభమున సరస్వతీముఖము ప్రతిఫలించుటయే దీనికి మూలము. ముఖసామీప్యము తండ్రి, ప్రతిబింబమును దాల్చిన స్తంభము తల్లి. కట్టమంచి రామలింగారెడ్డిగారు కవిత్వతత్త్వవిచారమున సూరనను విమర్శించిన నాటినుండి యీ కావ్యమును గూర్చిన చర్చ సాగుచున్నను, బోధించునప్పుడు లింగవ్యత్యయమును శ్లేషచాతుర్యమని చెప్పి దాటుట సులభము.

కాని సూరన శ్లేషతో దృప్తిపడలేదు. ఆ పేర్లకు బ్రదుకు నిచ్చెను. కాశ్మీరదేశమున సుగాత్రి, శాలీనుడు దంపతులు. సర్వాలంకారములతో వచ్చిన భార్యను శాలీనుడు కన్నెత్తి చూడడు. ఒకే యింట నిరువురు నొంటరివారు. ఆమె నగలు విడిచి పూదోటపనిలో జేయి కలిపిన నాడే యాతని మనసు కదలెను. ఈ దంపతులే పిదప మణిస్తంభుడును సుముఖాసత్తియునై, పురుషుడు స్త్రీగను స్త్రీ పురుషుడుగను మారి, కళాపూర్ణుని గనిరి.

ఇతర గాథలతో బోల్చిన దీని విశేషము తెలియును. ఇలుడు వనప్రవేశముచే స్త్రీయయ్యెను. అంబ పగ దీర్చుకొనుటకు శిఖండియై పుట్టెను. అర్జునుడు ఊర్వశీశాపమును బృహన్నలయై యజ్ఞాతవాసమున గడపెను. ఈ మువ్వురును దమ మార్పును దామే మోసిరి. సూరన పాత్రలు మాత్రము జంటగా మారినవి. ఒకరు మారి వేరొకరు విడువబడలేదు. మార్పునకు బిదపను దాంపత్యము నిలిచినది.

దీనిని స్వలింగప్రేమకథ యనుట యతిశయోక్తి. మారిన పిమ్మటను వారు స్త్రీపురుషులే. నేటి పేర్లను నాటివారికి దగిలింపరాదు. అయినను పుట్టిన దేహమే ప్రేమకు హద్దని సూరన యెంచలేదనుట నిశ్చయము. 2018లో సర్వోన్నతన్యాయస్థానము స్వలింగప్రేమ నేరము కాదని తీర్పు చెప్పిన పిదపను, ఇట్టి భావనలు పరదేశమునుండి వచ్చినవను మాట వినబడుచునేయున్నది. కళాపూర్ణోదయమును జదివినవారు ఆ మాట నంత తేలికగా ననజాలరు.

కాలయాత్రికునకు సూరన యింట సంపూర్ణమైన తోడు దొరకకపోవచ్చును. కాని తలుపు మూసియుండదు. తరగతిలో నొక మూల నొంటిగా గూర్చున్న విద్యార్థికి నీ ఘట్టమును దాటింపక చదివి వినిపింపవలెనని పండితులను బ్రార్థించుచున్నాను.