ఏటికి ఆవలి సీసా

విహారనౌక ఎక్కేవారు సొంత మద్యం తెచ్చుకోవడంపై చాలా కంపెనీలు హద్దు పెడతాయి. ఓడలో బారు వారిదే కదా! ఈ న్యాయం మా దాచేపల్లి వారికి కొత్త కాదు.

మాకు ఉత్తరాన కృష్ణ; ఆవలి ఒడ్డున మూసీ సంగమించే వాడపల్లి. 1948 నాటికి మద్రాసు రాష్ట్రమంతటా మద్యనిషేధం అమలైంది. ఆవల హైదరాబాదు రాష్ట్రంలో అది లేదు. ఒకే నీటికి రెండు గట్లు, రెండు చట్టాలు. ఆ నిషేధ వివాదంలోనే 1954 నవంబరులో ప్రకాశం పంతులుగారి మంత్రివర్గం ఒక్క ఓటు తేడాతో పడిపోయింది.

2019 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, దశలవారీ నిషేధమే లక్ష్యమంటూ, మద్యం దుకాణాలను తానే చేపట్టింది. 2020 మే నెలలో ధరలు 75 శాతం పెంచింది. ఆవలి ఒడ్డున సరుకు చవకయింది. పొరుగు రాష్ట్రం నుండి మనిషికి మూడు సీసాలు తెచ్చుకోవచ్చునని ఆ సెప్టెంబరులో హైకోర్టు తేల్చగా, అక్టోబరులో ప్రభుత్వం ఆ వెసులుబాటును తొలగించింది. 2024 అక్టోబరులో దుకాణాలు మరల ప్రైవేటు వ్యాపారుల చేతికి వెళ్ళాయి.

నేను మద్యానికి వకాల్తా పుచ్చుకోను. అయితే 1948 నాటి కట్టడి తాగవద్దన్నది. 2020 నాటిది మా వద్దనే కొనమన్నది. రెండింటినీ ఒకే నీతిగా చదవడం చరిత్రకు అన్యాయం. సంచి వెదికే చేయి కనబడితే, దుకాణం ఎవరిదో కూడా విచారించాలి.