పత్తికొండ మకాం

ఇంకా చీకటి విడలేదు. గుర్రాలు ఉడకబెట్టిన ఉలవలు తినేశాయి. సైసులు జీనుల పట్టీలు బిగిస్తున్నారు. ఒక జత డేరాలు రాత్రే ఎద్దుల మీద ముందు ఊరికి వెళ్లిపోయాయి. దొర గుర్రం దిగేసరికి అక్కడ మేకులు దిగి, తాళ్లు బిగిసి, కచేరీ సిద్ధంగా ఉండాలి. రాత్రి పడుకున్న డేరాను ఇప్పుడు విప్పుతున్నారు. ఎండ ముదరకముందే దారి తెగాలి. రోజూ, ఏ ఊరి తోపులోనైనా, ఇదే తంతు.

దత్తమండలాల కలెక్టరు థామస్ మన్రో ఏళ్ల తరబడి ఇలాగే బతికాడు. 1800లో నిజాం ఈ సీమను కంపెనీకి ఒప్పజెప్పాడు. అటు బళ్లారి, కడప, ఇటు కంభం, మన త్రిపురాంతకం పక్కనున్న దూపాడు, అన్నీ ఆయన ఏలుబడిలోకే వచ్చాయి. ఏటా ఒక చుట్టు తిరిగితే దాదాపు 1000 మైళ్లు. గుర్రం మీద ఉన్న ఆ కాసేపే తాను ఒంటరిగా ఉండగలిగేదని ఇంటికి ఉత్తరం రాసుకున్నాడు. నిజమే, డేరా లేచాక ఏకాంతం ఎక్కడిది? కరణం లెక్కల కట్ట విప్పుతాడు. రెడ్డిది ఒక మాట, రైతుది మరో మాట. చెరువు తెగిందని ఒకడు, పంట ఎండిందని ఇంకొకడు. జమాబందీ అంటే ఊరికి జాతరే, కాకపోతే మొక్కు చెల్లించుకునేది సర్కారుకు.

ఆయన్ని దేవుణ్ణి చేయనక్కర్లేదు. ఆయన వేసిన శిస్తు బరువైనదే. ఆ సంగతి ఆయనకూ తెలుసు. 1807లో సీమ విడిచేటప్పుడు శిస్తులో నాలుగో వంతు తగ్గించమని పైకి రాశాడు. పైవాళ్లు వినలేదు. 1820లో తానే మద్రాసు గవర్నరుగా వచ్చాక గాని ఆ తగ్గింపు జరగలేదు.

1827 నాటికి మన్రోకు 66 ఏళ్లు. భార్య జేన్ చిన్న కొడుకును తీసుకుని అప్పటికే ఇంగ్లండు వెళ్లిపోయింది. తనను వదిలిపెట్టమని ఆయనా రాసుకున్నాడు గాని, బదులు గవర్నరు ఇంకా ఓడ దిగలేదు. ఈలోగా పాత సీమను ఒక్కసారి చూసి వస్తానని మే నెలాఖరున బయలుదేరాడు. అదే గుర్రాలు, అదే డేరాలు. కాకపోతే ఇప్పుడు పరివారం పెద్దది.

గుత్తి దగ్గరికి వచ్చేసరికి వెంట ఉన్న సిపాయిల్లో కలరా పుట్టింది. జూలై 6న మకాం పత్తికొండలో. పొద్దున తొమ్మిదింటి ప్రాంతంలో దొరే పడ్డాడు. మధ్యాహ్నానికి కాస్త తేరుకున్నట్టు కనిపించాడు. అంటుకుంటుంది, బయటికి వెళ్లండని చుట్టూ ఉన్నవాళ్లకు ఒకటికి రెండుసార్లు చెప్పాడు. వాళ్లు కదల్లేదు.

ఆ రోజుల్లో చెడుగాలి వల్ల కలరా వస్తుందని నమ్మేవారు. అది నీళ్లలో ఉందని లండన్‌లో జాన్ స్నో ఒక వీధి పంపు దగ్గర చూపించింది 1854లో. మనుషులూ పశువులూ కలిసి ఊరి చెరువు గట్టునో బావి పక్కనో దిగి, అక్కడి నీళ్లే తాగి, మర్నాడు మరో ఊరి నీళ్ల మీద పడే మకాంను మించి ఆ రోగానికి ఏం కావాలి? రైతు గడప దాకా సర్కారును మోసుకొచ్చిన డేరాయే దాన్నీ మోసుకొచ్చింది. చచ్చిన సిపాయిల పేర్లు ఎవరికి గుర్తు?

రాత్రి తొమ్మిదిన్నరకు మన్రో పోయాడు. మర్నాడు గుత్తిలో పూడ్చారు. నాలుగేళ్ల తర్వాత అస్థికలను మద్రాసు కోటలోని చర్చికి తరలించారు. పత్తికొండలో ఆయన పేరున సర్కారు చెట్ల తోపు వేయించి, బావి తవ్వించింది. గుత్తిలో సత్రం కట్టించింది. సీమ జనం పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నారు.

కొత్త గవర్నరు లషింగ్టన్ మద్రాసులో దిగింది ఆ అక్టోబరులో.