మెయింటెనెన్స్: చేతిలో పట్టిన మాట

అపార్ట్‌మెంట్ల నోటీసు బోర్డుల మీద ‘మెయింటైనెన్స్’ అని తరచు కనిపిస్తుంది. సరైన రూపం మెయింటెనెన్స్. క్రియ మెయింటైన్ కనుక నామవాచకానికీ ఆ ‘టైన్’ రావాలనుకోవడంలో తర్కం లేకపోలేదు. కానీ ఈ నామవాచకం ఇంగ్లీషులో క్రియకు తోక తగిలిస్తే పుట్టింది కాదు. పాత ఫ్రెంచి నుంచి విడిగా వచ్చింది. రెంటికీ మూలం లాటిన్‌లో ‘చేత పట్టుకొను’ అనే పదబంధం. మాన్యువల్‌లో ఉన్నది ఆ చెయ్యే, టెనెంట్‌లో ఉన్నది ఆ పట్టే. నామవాచకంలో ఊనిక మొదటి అక్షరానికి జరగడంతో నడిమి అచ్చు తేలిపోయింది. స్పెల్లింగులోనూ ‘టి’ తర్వాత ‘ఏ, ఐ’ కాక ఒక్క ‘ఈ’ వస్తుంది. సస్టెయిన్ సస్టెనెన్స్ అయినట్టే ఇదీ. అబ్‌స్టెయిన్ అయితే అబ్‌స్టినెన్స్‌గా, డిటెయిన్ డిటెన్షన్‌గా మారతాయి. అర్థాల దారీ విచిత్రమే: ఇతరుల వ్యాజ్యానికి అండగా నిలవడాన్ని ఇంగ్లండులో ఈ పేరుతోనే నేరంగా చూసేవారు, 1967లో ఆ నేరాన్ని రద్దుచేశారు. మన కోర్టుల్లో ఇదే మాటకు మనోవర్తి అని అర్థం. అపార్ట్‌మెంటులో మాత్రం నెలనెలా కట్టే సొమ్ము. అరువు మాటను మన నోటికి నప్పినట్టు పలికితే తప్పేమిటని అడగవచ్చు. తెలుగులో పలికేటప్పుడు తప్పు లేదు, బస్సు, రైలు అలాగే మనవయ్యాయి. అయితే ఆ ఉచ్చారణను నమ్మి ఇంగ్లీషు దరఖాస్తులో స్పెల్లింగు రాస్తే అది తప్పే. కట్టడాల సందర్భంలో ‘నిర్వహణ’ చక్కగా సరిపోతుంది; బోర్డు రాసేవారు దాన్నే వాడాలని నా మనవి.