మీగో

మీగో మొబైల్ పరికరాల కోసం రూపొందిన లినక్స్ ఆధారిత ఓపెన్ సోర్స్ ఆపరేటింగ్ సిస్టమ్. ఇంటెల్ సంస్థ మోబ్లిన్, నోకియా సంస్థ మేమో వ్యవస్థలు కలిసి ఇది ఏర్పడింది. ఈ విలీనాన్ని 2010 ఫిబ్రవరిలో బార్సిలోనాలో ప్రకటించారు. నిర్వహణ బాధ్యతను లినక్స్ ఫౌండేషన్ చూసేది. అంతర్భాగం ప్రధానంగా మోబ్లిన్ నుంచి రాగా, అనువర్తనాల నిర్మాణానికి నోకియా వైపు నుంచి క్యూటీ అనే సాఫ్ట్‌వేర్ సాధనం వచ్చింది. మేమో వాడిన డెబియన్ ప్యాకేజీల స్థానంలో ఆర్‌పీఎం ప్యాకేజీలను స్వీకరించారు. ఫోన్లు, నెట్‌బుక్‌లు, టీవీలు, కార్ల పరికరాలన్నిటికీ ఒకే పునాది వేయడం దీని ఆశయం.

2011 ఫిబ్రవరిలో నోకియా విండోస్ ఫోన్ వైపు మళ్లడంతో మీగో బలహీనపడింది. అదే ఏడాది సెప్టెంబరులో ఇంటెల్, శామ్‌సంగ్‌ల మద్దతుతో మీగో స్థానంలో టైజెన్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌ను ప్రకటించారు. మీగో నుంచి పుట్టిన మెర్ ప్రాజెక్టు ఆధారంగా యోల్లా సంస్థ సెయిల్‌ఫిష్ ఆపరేటింగ్ సిస్టమ్‌ను నిర్మించింది. టైజెన్‌తో నడిచే శామ్‌సంగ్ జడ్1 ఫోను 2015 జనవరిలో భారతదేశంలో విడుదలైంది.